ఏడో తరగతి పాపకి కోణాలు ఎక్కడం లేదు, ఇంట్లో ఎలా చెప్పాలి?

కావలి అమ్మ

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి, ఇక్కడే కావలిలో చదువుతుంది. భిన్నాలు, శాతాలు బాగానే చేస్తుంది. కోణాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

సమస్య ఏంటో రాస్తాను. 60 డిగ్రీల కోణం ఇస్తే కోణమాని పెట్టి 120 అని రాస్తుంది. ఒక్కోసారి 60 అనే రాస్తుంది, ఎందుకలా రాసిందో తనకే తెలీదు. రెండు కోణాలు గీసి ఏది పెద్దదే అంటే, గీతలు పొడుగ్గా ఉన్నదాన్ని చూపిస్తుంది. అలాగని పాఠం చదవలేదా అంటే, నిర్వచనం తడుముకోకుండా చెప్తుంది: ఒకే తొలి బిందువు ఉన్న రెండు కిరణాలతో ఏర్పడే పటం కోణం. అల్పకోణం, లంబకోణం, అధికకోణం, సరళకోణం, పేర్లన్నీ వరసగా అప్పజెప్తుంది.

పరీక్ష దగ్గర పడింది. దానికంటే నాకే టెన్షన్ ఎక్కువగా ఉంది. నేను బీకాం, లెక్కలు వదిలేసి చాలా ఏళ్ళయింది. ఇంట్లో కూర్చోబెట్టి ఎలా చెప్పాలో దారి చూపించండి. వీడియోల లింకులు మాత్రం వద్దు, అవన్నీ చూసేసింది.

పొదిలి మాస్టారు

అమ్మా, ఇది మీ పాప ఒక్కదాని సమస్య కాదు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఏ ఊరికి బదిలీ అయినా పిల్లలు తడబడేది ఈ రెండు చోట్లే.

మీ పాప చెప్పిన నిర్వచనమే చూడండి. తప్పేమీ లేదు. కానీ కొలవాల్సింది ఏంటో అందులో లేదు. కంటికి కనిపించేవి రెండు గీతలు, కాబట్టి పిల్ల గీతల్నే కొలుస్తుంది. పొడుగు గీతలుంటే పెద్ద కోణం అనుకోవడం ఆ వయసుకి సహజం. నిజానికి మనం కొలిచేది తిరుగుడు. ఒక కిరణం రెండోదాని మీద పడుకుని ఉందనుకోండి, అక్కడి నుంచి లేచి ఇప్పుడున్న చోటికి రావడానికి ఎంత తిరిగింది? అదే కోణం.

పుస్తకం పక్కన పెట్టి ఒక పని చేయండి. రెండు చీపురు పుల్లలు తీసుకుని ఒక కొస దగ్గర గుండుసూదితో కలిపి గుచ్చండి. ఒకటి కదలకుండా పట్టుకుని రెండోదాన్ని పాప చేతే తిప్పించండి. కొంచెం తిప్పితే కొంచెం కోణం, ఇంకా తిప్పితే ఇంకా. ఒకచోట ఆపమని, అప్పుడు కత్తెరతో రెండు పుల్లల్నీ సగానికి కత్తిరించండి. గుచ్చిన చోటు కదలకూడదు. "ఇప్పుడు కోణం తగ్గిందా?" అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పొద్దు.

నెల్లూరు ట్యూషన్

మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ తిరుగుడు కథ పరీక్ష ముందు పెట్టుకుంటే పిల్ల ఇంకా గందరగోళంలో పడుతుంది. తిరిగింది అంటే ఎటు తిరిగింది, కుడికా ఎడమకా అని అడుగుతుంది. రేపు త్రిభుజం వస్తుంది. త్రిభుజంలో ఎవరు తిరుగుతున్నారు? మూడు గీతలు కదలకుండా ఉన్నాయి.

మేడం, ముందు కోణమాని వాడటం సరిచేయండి. మార్కులు పోతున్నది అక్కడ. నేను మా పిల్లలకి చెప్పేది ఇది. కోణమాని అడుగున ప్లాస్టిక్ అంచు వేరు, సున్నా గీత వేరు. చాలా కోణమానుల్లో సున్నా గీత అంచుకి కొంచెం పైన ఉంటుంది. పిల్లలు అంచుని గీత మీద పెడతారు, అక్కడే కొన్ని డిగ్రీలు తేడా వస్తుంది. మధ్య గుర్తు సరిగ్గా శీర్షం మీద, అంటే రెండు భుజాలు కలిసే చోట ఉండాలి, సున్నా గీత ఒక భుజం మీద పడుకోవాలి. తర్వాత ఆ భుజం ఏ వైపు ఉందో, ఆ వైపు సున్నాతో మొదలయ్యే వరసలోనే చదవాలి. కుడి వైపు భుజం ఉంటే సాధారణంగా లోపలి వరస, ఎడమ వైపు ఉంటే బయటి వరస. రెండో భుజం కోణమాని అంచు దాకా రాకపోతే స్కేలుతో పొడిగించుకోవాలి. అంతే. రోజూ ఒక పేజీ కొలిపించండి, పరీక్ష లోపు చెయ్యి తిరుగుతుంది.

బేల్దారి గారబ్బాయి

ట్యూషన్ సార్ చెప్పిన "పొడిగించుకోవాలి" అన్న మాట దగ్గరే పాపకి జవాబుంది కదా. గీత పొడిగిస్తే కోణం మారదనే కదా పొడిగిస్తున్నాం! కోణం మారేట్టయితే ఆ పని చేయకూడదు.

మా నాయన ఒంగోలులో బేల్దారి మేస్త్రి. కోణమాని ఆయన చేత్తో పట్టుకున్నది నేను చూడలేదు. కానీ పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల తప్పనివ్వడు. మూల దగ్గర మేకు కొట్టి, ఒక దారం వెంబడి 3 అడుగుల దగ్గర గుర్తు, రెండో దారం వెంబడి 4 అడుగుల దగ్గర గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పడితే సరిగ్గా 5 అడుగులు రావాలి. 5 దాటితే మూల విచ్చుకుంది, తగ్గితే ముడుచుకుంది. దారాన్ని అటో ఇటో జరిపి 5 తెస్తాడు. పెద్ద ఇల్లయితే 6, 8, 10 పెడతాడు, ఇంకా పెద్దదయితే 9, 12, 15. కొలత పెద్దదయ్యే కొద్దీ చిన్న తేడా కూడా బయటపడుతుంది అంటాడు. చివర్లో గది మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా టేపు పట్టి, రెండూ సమానమా అని మళ్ళీ చూస్తాడు. గోడ లేచాక మూలమట్టం, తూకం గుండు ఎలాగూ ఉంటాయి.

పొదిలి మాస్టారు

బేల్దారి గారబ్బాయీ, మీ నాయనగారు నా పని సగం తగ్గించారు. 3, 4, 5 తీసుకున్నా 6, 8, 10 తీసుకున్నా అక్కడ వచ్చేది 90 డిగ్రీలే. భుజాలు రెట్టింపయ్యాయి, కోణం కదల్లేదు. ఏడో తరగతి పిల్లకి పైథాగరస్ ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఇంటి వెనక దారం కట్టి మూల చూపిస్తే చాలు.

ట్యూషన్ సార్, మీరు చెప్పిన పద్ధతిలో తప్పు లేదు. సున్నా గీత, ప్లాస్టిక్ అంచు సంగతి చాలామంది టీచర్లు కూడా చెప్పరు. కానీ నాదొక మాట వినండి. ఏ వరసలో చదవాలో రూలుగా నేర్పితే, హాల్లో ఆ రూలు మర్చిపోయిన రోజు పిల్ల దగ్గర ఇంకేమీ ఉండదు. 60 గీసి ఉంటే 120 అని రాసిందంటే అది వరస తప్పడం ఒక్కటే కాదు. 120 ఎంత ఉంటుందో కంటికి తెలీదన్నమాట. తెలిస్తే రాసిన చేతికే అనుమానం వచ్చేది.

అందుకే కొలిచే ముందు అంచనా వేయించాలి. దానికో పరికరం చెప్తాను, పైసా ఖర్చు లేదు. పాత పేపరు ముక్క వంకరటింకరగా చించండి. అంచులు ఎలా ఉన్నా పర్వాలేదు. ఒకసారి మడవండి, మడత గీత తిన్నగా వస్తుంది. ఆ మడత గీత దానిమీదే పడేట్టు మళ్ళీ మడవండి. ఆ మూల కచ్చితంగా లంబకోణం. ఎందుకంటే సరళకోణం 180, దాన్ని రెండు సమాన భాగాలు చేశాం. ఆ మూల చేత్తో పట్టుకుని బొమ్మలో కోణం మీద పెట్టాలి. కోణం కాగితం లోపలే దాక్కుంటే అల్పకోణం, 90 కంటే తక్కువ. కాగితం పక్కకి ఇంకా కనిపిస్తుంటే అధికకోణం, 90 దాటింది. ఇది చూశాక కోణమాని పెడితే, ఆ చోట 60, 120 రెండు అంకెలూ ఉన్నా ఏది రాయాలో అడగాల్సిన పని ఉండదు. ఇంకోసారి మడిస్తే 45. అప్పుడు 60ని 45కి 90కి మధ్యలో చూడటం వస్తుంది.

కావలి అమ్మ

మాస్టారూ, పుల్లలు కత్తిరించాం. "తగ్గలేదు, కానీ నోరు చిన్నదయింది" అంది. ఆ కొసల మధ్య ఖాళీని నోరు అంటోంది. ఇప్పుడు దానికి ఏం చెప్పాలి? నోరు చిన్నదయినప్పుడు కోణం ఎందుకు చిన్నది కాలేదు అని నన్నే అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు.

చీమకుర్తి గ్రానైట్

అక్కా, ఆ ప్రశ్నకి మా పనిలోనే జవాబుంది. మాది రాయి కోసే పని. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అంటే నల్లరాయి మీద మెరిసే చుక్కలు, మీరు చూసే ఉంటారు. వంటగదిలో ప్లాట్‌ఫారం వేయడానికి వెళ్తాం. గది మూల 90 ఉంటుందనుకుని పలక కోసుకుపోతాం. తీరా పెడితే ఒక పక్క గోడకి అతుక్కుంటుంది, రెండో పక్క మూల దగ్గర ఏమీ కనిపించదు కానీ దూరం పోయే కొద్దీ సందు పెరుగుతుంది. మూల ఒక్క డిగ్రీ తప్పితే, అడుగు దూరంలో సందు పావు అంగుళం కూడా రాదు. ఆరడుగుల దూరంలో అంగుళంపావు వస్తుంది. సందు ఎక్కడ కొలిచామన్న దాన్నిబట్టి మారింది. తప్పు మాత్రం అదే ఒక్క డిగ్రీ.

పాపకి అలా చెప్పండి. నోరు అనేది ఎంత దూరంలో చూశావో దాన్నిబట్టి ఉంటుంది. కోణం ఎక్కడ చూసినా ఒకటే.

ఇంకోటి. అంచుకి పట్టీ అతికించేటప్పుడు రెండు ముక్కల్నీ 45, 45 కోసి కలుపుతాం, కలిపితే 90. గది మూల 90 కాకుండా 88 ఉంటే ఒక్కోటి 44 కోయాలి. కుర్రాళ్ళు కొత్తలో 45 కోసేసి, జాయింటులో సందు పడితే పుట్టీ పెట్టి కప్పేస్తారు. ఇంటాయనకి ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

పొదిలి మాస్టారు

ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

దీన్ని కాగితం మీద పెట్టాలంటే, పాప చేత ఒక కోణం గీయించి శీర్షం నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో, 6 దూరంలో, 9 దూరంలో రెండు భుజాల మధ్య స్కేలు పెట్టి ఖాళీ కొలిపించండి. రెండో ఖాళీ మొదటిదానికి రెట్టింపు, మూడోది మూడింతలు వస్తుంది. దూరం, ఖాళీ కలిసి పెరుగుతున్నాయి. మారనిది ఒకటుంది. దాని పేరే కోణం.

ఇంటర్ ఎంపీసీ

చిన్న డౌట్. 360 ఎందుకు? 100 డిగ్రీలు పెట్టి ఉంటే పిల్లలకి ఈ గొడవ ఉండేది కాదు కదా.

పెన్నా గట్టు

తమ్ముడూ, 100 పెడితే ఇంకా గొడవ. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం పూర్తి చుట్టులో ఆరో వంతు. 100లో ఆరో వంతు పదహారూ చిల్లర. 360లో అయితే 60. 1 నుంచి 10 దాకా ఉన్న అంకెల్లో 7 తప్ప మిగతావన్నీ 360ని శేషం లేకుండా భాగిస్తాయి. మొత్తం 24 భాజకాలు ఉన్నాయి దానికి. 100కి ఉన్నవి 9.

వచ్చింది బాబిలోనియా వాళ్ళ దగ్గర్నుంచి. ఇప్పటి ఇరాక్ ప్రాంతం. వాళ్ళు పదుల్లో కాకుండా అరవైల్లో లెక్కపెట్టేవాళ్ళు. గంటకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు కూడా ఆ లెక్క పెట్టిన ముద్రే. వాళ్ళ తర్వాత గ్రీకు ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్ని పట్టుకున్నారు. మన ఆర్యభటుడు కూడా 90 డిగ్రీలని 24 భాగాలు చేసి, ఒక్కో భాగం 3 డిగ్రీల 45 నిమిషాల చొప్పున జ్యా (ఇప్పటి సైన్) పట్టిక ఇచ్చాడు.

నెల్లూరు ట్యూషన్

చరిత్ర బాగుంది. నా ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. త్రిభుజంలో తిరిగేదెవరు?

పొదిలి మాస్టారు

మర్చిపోలేదు సార్. తిరిగేది పిల్లే.

ఇంటి ముందు ముగ్గుపిండితో పెద్ద త్రిభుజం గీయండి, నాలుగైదు అడుగుల భుజాలుండాలి. ఏ ఆకారమైనా ఫరవాలేదు. పాపని ఒక భుజం మధ్యలో నిలబెట్టి గీత మీద నడవమనండి. మూలకి చేరింది. తర్వాతి గీత మీదకి వెళ్ళాలంటే ఒళ్ళు తిప్పాలి. ఎంత తిరిగింది? త్రిభుజం లోపలి కోణమంత కాదు. నేరుగా వెళ్ళిపోయే దిక్కు నుంచి కొత్త గీత దిక్కుకి తిరిగింది, అంటే 180లోంచి లోపలి కోణం తీసేస్తే వచ్చేంత. మొనదేలిన మూల దగ్గర దాదాపు వెనక్కి తిరిగినంత పని అవుతుంది. విశాలంగా ఉన్న మూల దగ్గర కొంచెం తిరిగితే సరిపోతుంది. ఈ తేడా కాళ్ళకి తెలుస్తుంది, చెప్పక్కర్లేదు.

మూడు మూలలూ అయ్యాక బయల్దేరిన చోటికే వచ్చింది. మొహం కూడా బయల్దేరిన దిక్కుకే ఉంది. అంటే మొత్తం మీద ఒక పూర్తి చుట్టు తిరిగింది, 360 డిగ్రీలు. ఇప్పుడు లెక్క చూడండి. మూడు మూలల్లో ఒక్కో చోట లోపలి కోణం, తిరిగిన కోణం కలిపి 180. మూడు చోట్ల కలిపి 540. అందులో తిరిగినవి 360. మిగిలినవి లోపలి మూడు కోణాలు: 180.

చతుర్భుజం గీసి నడిపించండి. నాలుగు 180లు 720, తిరిగింది మళ్ళీ 360, మిగిలింది 360. పంచభుజికి 540. సూత్రం బట్టీ పట్టకుండా పాపే చెప్తుంది చూడండి.

నెల్లూరు ట్యూషన్

ఇది బాగుంది సార్. ఒప్పుకుంటున్నాను, ఇలా నేను చెప్పలేదు ఎప్పుడూ. కానీ పరీక్షలో "నిరూపించుము" అంటే ముగ్గు మీద నడిచామని రాయలేరు కదా. శీర్షం గుండా భూమికి సమాంతర రేఖ గీసి, అడ్డగీతకి అటూ ఇటూ పడే ఏకాంతర కోణాలు సమానం అని చూపించి, పైన సరళకోణం 180 అని రాస్తేనే మార్కులు.

ఇంకో సంగతి. చాలా స్కూళ్ళలో త్రిభుజం మూడు మూలలు చించి పక్కపక్కన అతికించి, సరళరేఖ వచ్చింది కాబట్టి 180 అని ప్రాజెక్టు చేయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. దాన్నే నిరూపణ అనుకునే పిల్లల్ని నేను రోజూ చూస్తుంటాను. చించిన కాగితంలో 179 వచ్చిందో 181 వచ్చిందో కంటికి తెలియదు.

పొదిలి మాస్టారు

అందులో మీతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. చించడం నమ్మకం కలగడానికి. ఏకాంతర కోణాలు ఎందుకనేది తెలియడానికి. రెండూ ఉండాలి, ఆ వరసలోనే ఉండాలి. కొలిచి కలిపితే 178, 181 వస్తున్నాయని పిల్లలు అంకెలు దిద్దేసి 180 చేసుకొస్తారు. అలా దిద్దొద్దని గట్టిగా చెప్తాను నేను. కొలతలో ఒకటి రెండు డిగ్రీలు తేడా రావడం సహజం, నిరూపణలో రాకూడదు.

డిగ్రీ లెక్కలు

మాస్టారి నడక లెక్క ముంగిలి చదునుగా ఉంది కాబట్టి కుదిరింది. భూగోళం అంతా నడిస్తే కుదరదు. భూమధ్యరేఖ మీద బయల్దేరి నేరుగా ఉత్తర ధ్రువానికి పోయి, అక్కడ 90 డిగ్రీలు తిరిగి, నేరుగా మళ్ళీ భూమధ్యరేఖకి దిగి, దాని వెంబడి మొదటి చోటికి రండి. మూడు మూలల్లోనూ లంబకోణాలే. మొత్తం 270.

పాపకి చెప్పొద్దులెండి, ఊరికే రాశాను.

కావలి అమ్మ

మీరు చెప్పొద్దన్నారు, అది నా భుజం మీంచి చదివేసింది. ఇప్పుడు నారింజపండు మీద స్కెచ్ పెన్నుతో గీస్తోంది.

ముగ్గు త్రిభుజం కూడా వేశాం, పక్కింటి పిల్లలు కూడా నడిచారు. కొత్త ఇబ్బంది ఒకటి కనిపించింది. పుస్తకంలో లంబకోణం ఎల్ అక్షరంలా నిలబడి ఉంటేనే గుర్తుపడుతుంది. పక్కకి వాలి ఉంటే "ఇది లంబం కాదు" అంటుంది. మడిచిన కాగితం పెట్టి చూపించాక ఒప్పుకుంటుంది, తర్వాతి బొమ్మకి మళ్ళీ మామూలే.

పొదిలి మాస్టారు

ఇది పాప తప్పు కాదు, పుస్తకాల తప్పు. ఒక భుజం ఎప్పుడూ పేజీ అడుగు గీతకి సమాంతరంగా, శీర్షం ఎప్పుడూ ఎడమ వైపు. ఏడాదంతా అలాగే చూసిన కంటికి లంబకోణమంటే ఆ నిలబడిన ఆకారమే. బోర్డు మీద మేము గీసేది కూడా అలాగే, చెయ్యి అలవాటు.

ఒక బొమ్మ గీసి నోటుపుస్తకాన్నే మెల్లగా తిప్పండి. పుస్తకం తిరిగినంత మాత్రాన కోణం మారుతుందా అని అడగండి. ఇకపైన మీరు గీసే ప్రతి కోణం వాలుగానే గీయండి, శీర్షం పైకో కుడికో పెట్టండి. తలకిందులుగా కూడా. కోణమాని కూడా పుస్తకాన్ని తిప్పకుండా దాన్నే తిప్పి పెట్టడం అలవాటు చేయించాలి.

ఇంటర్ ఎంపీసీ

పేరు పెట్టడంలో కూడా మావాళ్ళు తప్పేవాళ్ళు. కోణం ఏబీసీ అంటే శీర్షం మధ్య అక్షరం, బీ. సీబీఏ అన్నా అదే కోణం. బీఏసీ అంటే వేరే. ఇది చిన్నదే కానీ పదో తరగతి దాకా మార్కులు తింటుంది.

కనిగిరి రైతు

మాకు లెక్కలు రావు కానీ పొలంలో సోలార్ పంపు ఉంది. పలకలు దక్షిణం వైపు వాలి ఉంటాయి. ఇంత తక్కువ వాలు పెట్టారేంది, ఇంకా లేపొచ్చు కదా అని బిగించడానికి వచ్చిన కుర్రోణ్ణి అడిగితే, మన ప్రాంతానికి ఇంతే అన్నాడు. ఎందుకంతే? ఈ కోణాల గొడవలో దానికి జవాబుంటే చెప్పండి.

పెన్నా గట్టు

ఉంది అన్నా. భూమధ్యరేఖ నుంచి మనం ఎంత ఉత్తరాన ఉన్నామో చెప్పే అక్షాంశం కూడా కోణమే. భూమి మధ్యలో నిలబడి భూమధ్యరేఖ నుంచి మన ఊరి దాకా ఎంత తిరగాలో అంత. నెల్లూరుకి దాదాపు పద్నాలుగున్నర డిగ్రీలు, ఒంగోలుకి పదిహేనున్నర. ఏడాది మొత్తం మీద ఎండ బాగా పట్టాలంటే కదలని పలకని దాదాపు అక్షాంశమంత వాలు పెడతారు. ఢిల్లీలో అయితే ఇంకా ఎక్కువ లేపాలి, అక్కడ 28 దాటి ఉంది.

కావలి పాపకి దీంతో ఒక పని చెప్పొచ్చు. కోణమాని తలకిందులు చేసి, మధ్య గుర్తు దగ్గర దారం కట్టి, దారానికి చిన్న బరువు వేలాడదీయాలి. తిన్నని అంచు వెంబడి ధ్రువ నక్షత్రాన్ని చూస్తే దారం ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆ అంకెకీ 90కీ తేడా చూస్తే నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. కావలిలో అది 15 డిగ్రీలకి దగ్గరగా రావాలి, ఎందుకంటే ధ్రువ నక్షత్రం ఎత్తు ఇంచుమించు మన అక్షాంశమే. అంత కింద ఉంటుంది కాబట్టి ఉత్తరం వైపు చెట్లూ మేడలూ లేని చోటు కావాలి. అదే అంచు వెంబడి సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వొద్దు.

పగలు చేయాలంటే ఏప్రిల్ నెలాఖరులో, మళ్ళీ ఆగస్టు నడుమ, నెల్లూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి ఆ కాసేపు నీడ పడదు. ఎండ భూమితో 90 డిగ్రీలు చేస్తోందన్నమాట.

కనిగిరి రైతు

అర్థమైంది. ఆ కుర్రోడు ఈ మాట చెప్పుంటే సరిపోయేది.

నెల్లూరు ట్యూషన్

చర్చ నక్షత్రాల దాకా పోయింది, పాప పరీక్ష సంగతి చూద్దాం. పూరక కోణాలు కలిపితే 90, సంపూరక కోణాలు కలిపితే 180, ఒకే సరళరేఖ మీద పక్కపక్కన ఏర్పడే రేఖీయ ద్వయం ఎప్పుడూ 180. ఈ మూడూ కాగితం మడతలతోనే చూపించొచ్చు, ఎక్కువ టైం పట్టదు. ఎదురెదురుగా పడే శీర్షాభిముఖ కోణాల దగ్గర "ఎందుకు సమానం" అని తప్పకుండా అడుగుతారు. రెండు గీతలు ఖండించుకున్న చోట ఒక కోణం 70 అనుకోండి. పక్కది 110, ఎందుకంటే రెండూ కలిసి సరళకోణం. ఆ 110కి రెండో పక్కన ఉన్నది మళ్ళీ 70. ఇద్దరికీ పక్కవాడు ఒకడే, అందుకే ఇద్దరూ సమానం. అంకె లేకుండా ఎక్స్ అని పెట్టి రాస్తే అదే నిరూపణ.

పరావర్తన కోణం, అంటే 180 దాటింది, సగం చక్రం కోణమానితో నేరుగా కొలవలేం. లోపలి వైపు చిన్న కోణం కొలిచి 360లోంచి తీసేయాలి. 140 వస్తే జవాబు 220.

కావలి అమ్మ

సార్, ఈరోజు కోణాల పేజీ మొత్తం చేసింది. ముందు పెన్సిల్‌తో అంచనా, తర్వాత కొలత. ఒక దగ్గర 35 అనుకుని కొలిస్తే 145 వచ్చింది, "ఛీ, వరస తప్పింది" అని తనే దిద్దుకుంది.

ఇంకొక్క లెక్క మిగిలింది. గడియారంలో మూడున్నరకి ముళ్ళ మధ్య కోణం ఎంత? మూడింటికి 90 కదా, పెద్ద ముల్లు ఆరు మీదకి వెళ్తే మళ్ళీ 90 అంటోంది. పుస్తకం వెనక 75 ఉంది.

ఇంటర్ ఎంపీసీ

చిన్న ముల్లు మూడు మీదే ఆగి ఉండదు అక్కా. పన్నెండు గంటల్లో 360 తిరుగుతుంది, అంటే గంటకి 30, నిమిషానికి అర డిగ్రీ. అరగంటలో 15 జరిగింది. మూడు దగ్గర 90, ఇప్పుడు 105. పెద్ద ముల్లు ఆరు మీద 180. తేడా 75.

పొదిలి మాస్టారు

ఇప్పుడు పాపని అడగండి: మూడింటి తర్వాత ఆ రెండు ముళ్ళు మళ్ళీ సరిగ్గా 90 అయ్యేది ఎప్పుడు? తొందర లేదు, పరీక్ష అయ్యాకే చేయమనండి.

నెల్లూరు ట్యూషన్

నిమిషానికి పెద్ద ముల్లు 6, చిన్న ముల్లు అర. అంటే నిమిషానికి అయిదున్నర డిగ్రీలు దగ్గరవుతూ, దాటాక దూరమవుతూ పోతుంది. మూడింటికి పెద్దది 90 వెనక ఉంది, 90 ముందుకి రావాలి, మొత్తం 180. దాన్ని అయిదున్నరతో భాగిస్తే 32 నిమిషాల 44 సెకన్లు, కొంచెం అటూ ఇటూగా. మేడం, ఇది పాపకి చూపించకండి, ముందు తననే చేయనివ్వండి.

కావలి అమ్మ

చూసేసింది సార్. "నాలుగింటి తర్వాతది నేనే చేస్తా, ఎవరూ రాయొద్దు" అని రాయమంటోంది.